తీర్థం పట్టలేని చెయ్యి

కర్నూల్లో నేను పనిచేసే చోట నాకు నోటి దురుసు ఎక్కువని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. ఎముకలు చూసి మనిషిని చెప్పడం నా పని. దొరికినవి మనిషి ఎముకలేనా, ఒక్కరివా ఇద్దరివా, ఆడా మగా, వయసెంత, ఎత్తెంత, చివరికి ఆ మనిషి ఎవరు? వీటికి జవాబు రాసి కింద సంతకం పెడతాను. కడపలో పరుపులు కుట్టే దూదేకుల ఇంట్లో పుట్టిన పిల్ల ఇట్లాంటి పని చేస్తుందని మా వీధిలో ఎవరూ అనుకోలేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో మా అమ్మ "పిల్ల డాక్టరు" అని అక్కడికి ఆపేసేది. ఏం డాక్టరని వాళ్ళు అడిగితే నేను లోపలి గదిలోంచి అరిచి చెప్పేదాన్ని. అట్లా రెండు సంబంధాలు పోయాయి. మూడోసారి వచ్చినాయన పకపకా నవ్వాడు. ఆయన్నే చేసుకున్నాను.

ఒక ఎండాకాలం అహోబిలం వైపు నుంచి ఒక గోనెసంచి వచ్చింది. ఎగువ అహోబిలం నుంచి దిగువకు వచ్చే బస్సు తప్పిపోతే కొందరు ఒక అడ్డదారిన నడిచి దిగుతారు. ఆ దారి కింద లోయలో, పొదల మధ్య రాళ్ళ సందున, తేనె కోసం వెళ్ళిన చెంచులకు ఎముకలు కనిపించాయి. పోలీసులు వాటిని సంచికెత్తి నాకు పంపారు. సంచితో వచ్చిన కాగితం మీద 'గుర్తు తెలియని స్త్రీ' అని రాసి ఉంది. నేనింకా సంచి మూతి విప్పనే లేదు, ఆడదని తేల్చేశారు. నాకు అక్కడే మండింది.

తెచ్చిన ఎస్సై కుర్రవాడు, చురుకైనవాడు. ఎండకు మొహం కందిపోయి ఉంది.

"ఆడమనిషేలే మేడమ్. గాజులు దొరికినాయి. మీరు వయసు రాసిచ్చేస్తే మేము క్లోజ్ చేసుకుంటాం" అన్నాడు.

"గాజులు చేతి ఎముకకు ఉన్నాయాప్పా?"

"చేతికంటే... ఎముకల్లోనే ఉండాయి మేడమ్."

"ఎముకల్లో చీమలు కూడా ఉంటాయి. చీమ అని రాయకపోతివే?"

అతను బిక్కమొహం వేశాడు. అంతలో పైఅధికారి దగ్గర నుంచి ఫోను వస్తే వరండాలోకి వెళ్ళి, "మేమేం గాజులు తొడుక్కోని కూచోలేదు సార్, పని చేస్తానే ఉండాం" అని చెప్పుకుంటున్నాడు. అతను లోపలికి వచ్చాక నా చెయ్యి ఎత్తి గాజులు గలగలలాడించాను. "నేను తొడుక్కునే కూర్చున్నా. రేపు సాయంత్రం రా, ఈ చేతులతోనే చెప్తా" అన్నాను. నవ్వాలో వద్దో తెలియక సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడు.

ఎముకలను మెత్తటి బ్రష్షుతో కడిగి, నీడన ఆరబెట్టి, పొడుగాటి బల్ల మీద మనిషి వెల్లకిలా పడుకున్నట్టు పేర్చుకుంటాం. పుర్రె పైన, పక్కటెముకలు వరసగా, చేతులు అటూ ఇటూ, కాళ్ళు కింద. ఈ పేర్చడం నాకు చాలా ఇష్టమైన పని, మా నాయన పరుపు కుట్టేముందు దూదిని నాలుగు మూలలకూ సమంగా పరిచినట్టు ఉంటుంది. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే కసురుకుంటాను. లోయలో నక్కలు తిరుగుతాయి కాబట్టి కొన్ని చిన్న ఎముకలు లేవు. ముఖ్యమైనవన్నీ ఉన్నాయి.

తుంటి ఎముక వెనక వైపు ఒక గాడి ఉంటుంది. ఆడవాళ్ళకు అది వెడల్పు. బొటనవేలు పెడితే అటూ ఇటూ ఆడుతుంది. మగవాళ్ళకు ఇరుకు. నేను వేలు పెట్టగానే ఇరుక్కుంది. ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు కాబట్టి ముందువైపు కోణం చూశాను, కనుబొమల దగ్గర గట్టు చూశాను, చెవి వెనక ముడి చూశాను. ఏది చూసినా ఒకటే మాట. మగమనిషి. నలభైకి కొంచెం అటూ ఇటూ.

అప్పుడు గాజుల కవరు తెప్పించుకున్నాను. ఆకుపచ్చవి, బంగారు చుక్కలవి. చాలావరకు ముక్కలయ్యాయి, కొన్ని మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఆ ఉన్నవాటిని కలిపి నైలాను దారం ముడి వేసి ఉంది, అంగట్లో కట్టి ఇచ్చిన ముడి. చేతికి వేసుకున్న గాజులను దారంతో ఎవరు కట్టుకుంటారు? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, గాజులు కనపడగానే ఆడమనిషిని చేసేశారు.

మరునాడు ఎస్సై వచ్చాడు. తుంటి ఎముక చేతికిచ్చి, వేలు పెట్టి చూడమన్నాను. మొదట జంకాడు, తర్వాత పెట్టాడు. వేలు కదల్లేదు. దారం ముడి కూడా చూపించాను. మొహం మాడిపోయింది పాపం.

"తప్పయిపోయింది మేడమ్. మొన్న కోడుమూరు తట్టు నుంచి ఒకామె వచ్చింది. ఆమె మొగుడు నాలుగేండ్ల కిందట అహోబిలం పోతానని పోయి తిరిగి రాలేదంట. ఎముకలు దొరికినాయని పేపర్లో చూసి వచ్చింది. ఇది ఆడమనిషిదిలేమ్మా అని వెనక్కి పంపించేసినాం."

"పంపించేసినారా! అంత దూరం నుంచి వచ్చిన మనిషిని? ఇప్పుడే ఫోన్ చెయ్యప్పా, నా ముందరే చెయ్" అని అరిచాను. నా అరుపుకు పక్క గదిలో టైపు చప్పుడు కూడా ఆగిపోయింది.

వాళ్ళు రావడానికి ముందు బల్ల దగ్గర నాకు ఇంకొకటి దొరికింది. కుడి ముంజెయ్యి. ముంజేతిలో రెండు ఎముకలు పక్కపక్కనే ఉంటాయి. అరచెయ్యి బోర్లిస్తే ఒకటి ఇంకోదాని మీదికి దొర్లుతుంది, వెల్లకిలా తిప్పితే వెనక్కి వస్తుంది. ఈ మనిషికి ఆ రెండూ మధ్యలో ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఎప్పుడో చిన్నతనంలో రెండూ విరిగాయి. ఎవరో కట్టు కట్టారు. మానేటప్పుడు రెంటి మధ్యా ఎముక పెరిగి గట్టిగా కలిసిపోయింది. అంటే ఆ చెయ్యి ఎటూ తిరగదు. నేను నా కుడిచెయ్యిని అదే వాటంలో బిగబట్టుకుని చూశాను. అరచెయ్యి పక్కకు, కొంచెం నేల వైపుకు తిరిగి నిలిచింది.

అట్లాగే బిగబట్టుకుని గదంతా తిరిగాను. టీ గ్లాసు పట్టుకోవచ్చు. తలుపు గడియ తియ్యవచ్చు. వంగి అన్నం తినవచ్చు. కొడవలి, చర్నాకోల పట్టుకోవచ్చు. నమాజు తర్వాత దువా చేసేటప్పుడు ఎత్తినట్టు రెండు చేతులూ ఎత్తబోయాను. ఎడమది ఆకాశం వైపు తిరిగింది, కుడిది తిరగలేదు. అప్పుడు మా జేజి, అంటే మా నాయన తల్లి, గుర్తొచ్చింది.

కడపలో మా ఇళ్ళలో ఉగాదికి దేవుని కడప గుడికి పోవడం మామూలు. వెంకటేశ్వరస్వామి మా ముస్లింల ఇంటి పిల్లను చేసుకున్నాడు కాబట్టి ఆయన మాకు అల్లుడని పెద్దవాళ్ళు చెబుతారు. అల్లుడింటికి ఉత్తచేతులతో పోకూడదని జేజి టెంకాయ, బెల్లం తీసుకుని నన్ను చంకనేసుకుని పోయేది. అక్కడే నాకు తీర్థం పట్టడం నేర్పింది. "కుడిచెయ్యి ఎల్లకిలా పెట్టు. గుంట చెయ్. కింద నా పైట చెంగు ఆనించు. ఒక్క చుక్క కింద పడిందంటే చూడు!" అని తొడ మీద గిల్లి మరీ నేర్పింది. అన్ని పనులూ ఎట్లాగో సర్దుకున్నా, ఈ మనిషి కుడిచేత తీర్థం మాత్రం పట్టలేడు. అహోబిలం పోయినవాడు మరి! నేనేం అడగాలో నాకు తెలిసిపోయింది.

ఆమె తన బావతో కలిసి వచ్చింది. బావ అంటే తప్పిపోయినాయనకు అన్న. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, ఊళ్ళో మాట చెల్లే మనిషి. ఆమె నల్లగా, సన్నగా, తల పైకెత్తుకుని ఉంది. నేను కూర్చోమనేలోపే మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, నాది పెద్ద నోరు. నా నోటికి జడిసి మొగుడు ఇడిసిపెట్టి పోయినాడని ఊరంతా అంటాది. బళ్ళారిలో ఎవతెనో పెట్టుకోని ఉండాడంట. ఈ బావే చెప్పినాడు, చూసినవాళ్ళుండారని. సచ్చిపోయినాడంటే ఏడ్చుకుంటా, ఓర్చుకుంటా. నన్నిడిసిపెట్టి పోయినాడంటే మాత్రం ఓర్చుకోలేను. ఏదో ఒకటి గట్టిగా చెప్పమ్మా."

ఆమె నోరు నాకు అప్పుడే నచ్చింది. అయినా తొందరపడలేదు. ఈ పనిలో జవాబు మనమే ఎదుటివాళ్ళ నోట్లో పెట్టకూడదు. "చెయ్యి విరిగిందా?" అని అడిగితే ఆశ మీదున్నవాళ్ళు అవునంటారు. అందుకని అందరినీ అడిగే మాటే అడిగాను. "ఆయనకు చిన్నప్పుడు ఏమన్నా దెబ్బలు తగిలినాయా? ఎముకలు విరగడం లాంటిది?"

ఆమె నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "మా తమ్మునికి ఏ లోపమూ లేదు మేడమ్. రాయి మాదిరి ఉండె. కంప్లైంటులో కూడా అట్లే రాయించినాను, గుర్తులేమీ లేవని."

ఆయన మాట నిజమైతే నా బల్ల మీదున్నది ఇంకెవరో. ఆమె బావ వైపు చూసి తల దించుకుంది. పెద్దవాడు మాట్లాడాక ఎదురు చెప్పకూడదనుకుందో, మరెందుకో. అంత నోరున్న మనిషి అట్లా ఊరకుండిపోవడం నాకు అనుమానంగా తోచింది.

"సరే గానీ అమ్మా, గుడికి పోతే మీ ఆయన తీర్థం ఎట్లా పట్టేవాడు?" అన్నాను.

ఆమె చటుక్కున తలెత్తింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళ నిండా నీళ్ళు తెచ్చుకుంది.

"యాడ పట్టేది డాక్టరమ్మా! ఆ చెయ్యి ఎల్లకిలా తిరిగితే కదా! ఎడంచెయ్యి పెడితే అయ్యవారు కసురుకుంటాండె. కుడిచెయ్యి పెడితే అంతా కారిపోతాండె. మా పెండ్లిలో అయ్యవారు చేతిలో నీళ్ళు పోస్తే ఒక్క చుక్క నిలబడలే. అందరూ నవ్విరి. నాకు చెయ్యి సంగతి అప్పుడే తెలిసె. దాచిపెట్టి చేసినారు పెండ్లి. నాకు కోపం రావల్ల, రాలే. వచ్చింటే మా నాయన ఆడనే పీటల మింద నుంచి లేపుకోని పోతాండె. ఆయప్ప నా తట్టు చూసినాడు డాక్టరమ్మా, గాజుగ్లాసు పగలగొట్టిన పిల్లోని మాదిరి. నేను గమ్మున ఆ చెయ్యి కింద నా చెయ్యి పెట్టినా. నీళ్ళు నా చేతిలో పడినాయి. ఆ పొద్దు నుంచి యే గుడికి పోయినా అట్లనే. తీర్థం నేను పట్టి ఆయప్ప నోట్లో పోస్తాంటి."

నేను బావ వైపు తిరిగాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఏందప్పా ఇది? లోపం లేదంటివే?"

"చింతచెట్టు మింద నుంచి పడినాడు మేడమ్, చిన్నప్పుడు. మా నాయన కట్టు కట్టించుకోనొచ్చె. సంబంధాలు చూసేటప్పుడు లోపముందంటే పిల్లనెవరిస్తారు? లేదని చెప్పినాం. అప్పటి నుంచి ఎవరడిగినా అట్లనే చెప్తాండాం. అలవాటైపోయినాది."

పిల్లను తెచ్చుకోవడానికి చెప్పిన అబద్ధం, పెళ్ళయి ఇన్నేళ్ళయినా, మనిషే కనపడకుండా పోయినా నోటి నుంచి దిగలేదు! పోలీసుల దగ్గర ఆ ఒక్క గుర్తు చెప్పి ఉంటే ఎస్సై కూడా గాజులు చూసి మోసపోయేవాడు కాదేమో. మామూలుగా అయితే నేను ఆయన్ని నాలుగు మాటలు కడిగి ఆరేసేదాన్ని. కానీ ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

నేను ఆమెను బల్ల దగ్గరికి తీసుకెళ్ళలేదు. భార్యలందరూ చూడలేరు, చూడాల్సిన అవసరమూ లేదు. ఎముకలు రెండూ ఎట్లా అతుక్కున్నాయో నా రెండు వేళ్ళు జోడించి చూపించాను. "ఇట్లాంటి చెయ్యి ఉన్న మనిషి నా దగ్గర ఉన్నాడు. ఇంకా రక్తం పరీక్ష కావాలి. అదీ కలిస్తేనే సంతకం పెడతాను" అన్నాను. ఆమె నా జోడించిన వేళ్ళను పట్టుకుని, మెల్లగా విడదియ్యడానికి చూసింది. తర్వాత వదిలేసింది.

ఆయన తల్లి రక్తమూ, ఆయన పన్నూ పరీక్షకు వెళ్ళాయి. జవాబు రావడానికి ఇక్కడ నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ ఆమె ఫోన్ చేస్తూనే ఉంది. "వచ్చెనా డాక్టరమ్మా?" "రాలేదమ్మా." "సరేలే, అన్నం తిన్నావా?" అంతే మాట. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పెద్ద నోరని ఎవరన్నారో గానీ, నాతో ఆమె మాట్లాడినంత మెత్తగా మా అక్కచెల్లెళ్ళు కూడా మాట్లాడరు.

జవాబు వచ్చింది. కలిసింది. రిపోర్టులో ముంజెయ్యి గురించి రాశాను, తుంటి దగ్గరా పుర్రెకూ ఉన్న దెబ్బలు మానడం మొదలే కాలేదనీ, అవి ఎత్తు నుంచి రాళ్ళ మీద పడితే తగిలే దెబ్బల్లా ఉన్నాయనీ రాశాను. సంతకం పెట్టి పెన్ను మూత పెట్టాక కాసేపు కుర్చీలో ఊరకే కూర్చున్నాను. గర్వంగా ఉండింది. ఎందుకు దాచుకోవాలి? పేరు లేకుండా, చివరికి ఆడదన్న తప్పు పేరుతో పోవాల్సిన మనిషికి తన పేరు తనకు ఇచ్చాను. జేజి గిల్లుడు ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. సాయంత్రం కడపకు ఫోన్ చేసి మా నాయనకు అంతా చెబితే, ఆయన "అవునా! మీ జేజి ఉండింటే ఊరంతా టముకు ఏసొచ్చేది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఎముకలు అప్పగించే రోజు ఆమె, బావ, ఎస్సై వచ్చారు. కొత్త తెల్లగుడ్డలో మూట కట్టి నేనే వరండాలోకి తెచ్చాను. పెద్దవాడు కాబట్టి బావ రెండు చేతులూ చాపాడు. ఆమె అడ్డం వచ్చి నిలబడింది.

"ఏం బావా, బళ్ళారి నుంచి మీ తమ్ముడు ఎప్పుడొచ్చినాడు?"

ఆయన చాపిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. నేనైతే అడిగి అయిదు నిమిషాలు తిట్టేదాన్ని. ఆమె ఇంకొక్క మాట అనలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని పక్కకు జరిగాడు.

ఎస్సై గాజుల కవరు తీశాడు. కోర్టు అనుమతితో అవి కూడా ఇచ్చేయాలి. కవరు విప్పి చూపిస్తూ, "ఇవి నీవేనామ్మా?" అని అడిగాడు.

"నావి కాదప్పా. నేనెప్పుడూ చూడలే" అంది. తర్వాత దారం ముడి చూసింది. దాన్ని వేళ్ళతో తడిమింది.

"ఆయప్ప పోయేటప్పుడు మా శేన్లో ఎర్రగడ్డలు పీకతాండిరి. అందుకే నేను ఎంట పోలేదు. బోరులో నీళ్ళు పడితే వస్తానని మొక్కుకోనుండె, పడినాయి, పోయినాడు. మూటలెత్తేటప్పుడు నా గాజులన్నీ పగిలిపాయ. బోడి చేతుల్తోనే సద్ది కట్టిచ్చినా. ఆయప్ప నా చేతుల తట్టు చూసినాడు. ఏమీ అనలే" అంది. ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె దారాన్ని పళ్ళతో కొరికి తెంపింది. గాజు ఎక్కించబోతే పనిచేసి గట్టిపడిన చేతికి ఎక్కలేదు. నేను లోపలికి పోయి చేతులు కడుక్కునే సబ్బు తడిపి తెచ్చాను. ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని, మెటికలు నొక్కి, ఒక్కొక్కటే ఎక్కించాను. సరిగ్గా సరిపోయాయి.

బావ మెల్లగా అన్నాడు. "ఇప్పుడు గాజులేందమ్మా? దినాలప్పుడు ఎట్లా తీసేయాల్సిందే కదా. నలుగురూ ఏమంటారు?"

"నాలుగేండ్ల నుంచి అంటానే ఉండారు కదా బావా. ఈ పొద్దు చూడనీ. తీసేటప్పుడు తీస్తాలే. ఊర్లోకి మాత్రం ఇట్లనే పోతా, నడీధిలో నడుచుకుంటా పోతా. మీయమ్మ ముందరా, ఊరి ముందరా ఈ చేతులు ఎత్తి చూపిస్తా."

మూటను రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఆకుపచ్చ గాజులు తెల్లగుడ్డ మీద చప్పుడు చేశాయి. మెట్లు దిగబోతూ నా వైపు తిరిగింది. ఏడుస్తోంది, కానీ తల ఎత్తుకునే ఉంది.

"నన్నిడిసిపెట్టి పోలే డాక్టరమ్మా. ఇంటికొస్తాండె."